గృహ ధ్వని యంత్రాలలో విద్యుత్ రొద: కారణాలు, నివారణోపాయాలు

సంగీతానికి స్వరం ఎంత అవసరమో, స్వరానికీ స్వరానికీ నడుమనుండే నిశ్శబ్దం కూడ అంత అవసరం. కవి సమ్మేళనంలో కవి పద్యపాదం చదివి క్షణకాలం ఆగినప్పుడు, ముషాయిరాలో షాయరు మొదటి మిస్రా చదివి సభవైపు చూచినప్పుడు, ఆ విరామంలోనే అర్థం శ్రోత హృదయాన్ని చేరుతుంది. సరిగా ఆ క్షణంలో స్పీకరు నుండి గుమ్మని రొద వినిపిస్తే రసభంగం తప్పదు. ఇంట రేడియోగ్రాము గాని, రికార్డు ప్లేయరు గాని, యాంప్లిఫైయరు గాని ఉన్నవారందరికీ ఈ రొద చిరపరిచితమే.

దీనిని కొందరు యంత్రానికి ముదిమి వచ్చిన లక్షణంగా భావించి సహిస్తారు. కొందరు యంత్రాన్నే మార్చివేయాలంటారు. మరికొందరు ఎవరో చెప్పిన చిట్కాను పాటించి రొదతోపాటు తమ రక్షణను కూడ పోగొట్టుకుంటారు. ఈ మూడు మార్గాలలో ఏదియు సరియైనది కాదు. రొద చెవికి ఒకటిగానే తోచినా దాని జన్మస్థానాలు ప్రధానంగా నాలుగు. ఏ రొద ఎచ్చట పుట్టినదో తెలిసికొనిన పిమ్మటనే చికిత్సకు పూనుకొనాలి. ఆ నాలుగింటి స్వరూపాన్ని, నివారణోపాయాలను విద్యార్థులకు సులభంగా బోధపడునట్లు వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

రొదకు మూలం

మన దేశంలో గృహాలకు సరఫరా అయ్యేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. అది సదా ఒకే దిశలో ప్రవహించదు. సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. దీనినే 50 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం అంటారు. ప్రతి ఆవర్తనంలోను విద్యుత్తు ఒకసారి ఈ దిశలో, ఒకసారి ఆ దిశలో శిఖరాన్ని అందుకుంటుంది గనుక సెకనుకు 100 శిఖరాలు ఏర్పడతాయి. అమెరికాలో సరఫరా 60 హెర్ట్జ్‌లు కాబట్టి అచ్చట ఈ సంఖ్యలు 60, 120 అవుతాయి. మన ఇండ్లలోని విద్యుత్ రొద అంతా 50, 100 అనే ఈ రెండు సంఖ్యల నుండి, వాటి గుణిజాల నుండి పుట్టినదే.

100 హెర్ట్జ్‌ల ధ్వని పాశ్చాత్య స్వరపట్టికలో 98 హెర్ట్జ్‌ల ‘జి’ స్వరానికి కొంచెం పైన ఉంటుంది. మన తంబుర కూడ ఎడతెగని నాదమే వినిపిస్తుంది. అయితే గాయకుడు దానిని తన శ్రుతికి అనుగుణంగా సరిచేసుకుంటాడు. విద్యుత్ రొద ఎవరి శ్రుతిని లెక్కచేయదు. అది మనకు అసహ్యంగా తోచడానికి గల కారణాలలో ఇదొకటి.

యాంప్లిఫైయరులోని భాగాలకు 230 వోల్టులు పనికిరావు. ఆ పీడనాన్ని తగ్గించి ఇచ్చే సాధనమే ట్రాన్స్‌ఫార్మర్. మన పాఠ్యగ్రంథాలు దీనిని పరివర్తకం అన్నాయి. 1831లో మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయంపై రెండు తీగచుట్లు చుట్టి, ఒక చుట్టలోని విద్యుత్తులో మార్పు కలిగినప్పుడు రెండవ చుట్టలో విద్యుత్తు ప్రేరితమవుతుందని నిరూపించాడు. 1885లో బుడాపెస్టు నగరంలోని గాంజ్ కర్మాగారంలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు ఇంజనీర్లు మూసిన ఇనుప కోరు గల ట్రాన్స్‌ఫార్మర్లను నిర్మించారు. మన యాంప్లిఫైయరులోని ట్రాన్స్‌ఫార్మర్ ఆ వంశానికి చెందినదే.

నేడు ఫోను చార్జర్లలోను, టెలివిజన్లలోను, అనేక చిన్న ధ్వని యంత్రాలలోను ఈ బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కనిపించదు. వాటిలోని స్విచింగ్ సరఫరాలు సెకనుకు పదుల వేల ఆవర్తనాలతో పనిచేస్తాయి. మానవుని చెవి 20,000 హెర్ట్జ్‌లకు మించిన ధ్వనిని వినలేదు గనుక ఆ సరఫరాల స్పందన సాధారణంగా మనకు వినబడదు. అయినను పాత రేడియోగ్రాములలోను, సభలలో వాడే యాంప్లిఫైయర్లలోను, సంగీత ప్రియులు కోరి కొనే అనేక యంత్రాలలోను 50 హెర్ట్జ్‌ల ట్రాన్స్‌ఫార్మర్ నేటికీ ఉన్నది.

చెవితో చేసే పరీక్ష

యంత్రాన్ని విప్పకుండానే గృహస్థుడు చేయదగిన పరీక్షలు మూడు ఉన్నాయి.

మొదటిది స్థాన పరీక్ష. చెవిని ఒకసారి స్పీకరు వద్ద, ఒకసారి యాంప్లిఫైయరు పెట్టె వద్ద ఉంచి వినాలి. రొద పెట్టె నుండే వస్తున్నట్లయితే అది ట్రాన్స్‌ఫార్మర్ దేహంలో పుట్టిన యాంత్రిక స్పందన. స్పీకరు నుండి వస్తున్నట్లయితే అది విద్యుత్ మార్గాన ప్రవేశించిన రొద.

రెండవది వాల్యూము పరీక్ష. రొద స్పీకరు నుండి వస్తున్నప్పుడు వాల్యూమును పూర్తిగా తగ్గించి చూడాలి. అప్పటికీ రొద మారకుంటే లోపం వాల్యూము నియంత్రణకు తరువాత, సాధారణంగా విద్యుత్ సరఫరా విభాగంలో, ఉన్నదని గ్రహించాలి. వాల్యూముతోపాటు రొద కూడ తగ్గి, పెరుగుతుంటే అది వాల్యూముకు ముందుభాగంలో, అనగా రికార్డు ప్లేయరు, మైకు లేక వాటి తీగల ద్వారా ప్రవేశిస్తున్నది.

మూడవది వియోగ పరీక్ష. యంత్రాన్ని ఆపి, యాంప్లిఫైయరుకు కలిపిన ధ్వని తీగలలో ఒకదానిని తొలగించి, తిరిగి నడిపి వినాలి. ఇట్లు ఒక్కొక్క తీగను పరీక్షిస్తే, ఏ తీగ తీసినప్పుడు రొద మాయమైనదో ఆ తీగ వెంట దోషం ఉన్నదని తేలుతుంది.

ఈ పరీక్షలలో మన భాష కూడ తోడ్పడుతుంది. తెలుగులో ధ్వన్యనుకరణ శబ్దాలకు కొరత లేదు. 50 హెర్ట్జ్‌ల రొద లోతుగా, మెత్తగా ‘గుమ్’ మంటుంది. ఇది సాధారణంగా బయటి అయస్కాంత క్షేత్రం నుండి గాని, తీగల నుండి గాని వచ్చినది. సరఫరా విభాగం నుండి వచ్చే 100 హెర్ట్జ్‌ల రొదలో 200, 300 హెర్ట్జ్‌ల గుణిజాలు కలిసి ఉంటాయి గనుక అది కొంత గరుకుగా ‘బుర్’ మంటుంది. వదులైన ఇనుప రేకులు ‘జిర్’ మని అదురుతాయి. మెకానిక్కు వద్దకు వెళ్ళినప్పుడు “ఏదో చప్పుడు వస్తున్నది” అనడానికి బదులు ఈ భేదం చెప్పగలిగితే అతని పని సగం సులభమవుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ దేహంలో పుట్టే రొద

ఇనుమును అయస్కాంతంగా మార్చినప్పుడు దాని పొడవు అత్యల్పంగా మారుతుందని 1842లో జేమ్స్ జౌల్ కనుగొన్నాడు. మీటరు పొడవుకు ఆ మార్పు కొన్ని మైక్రోమీటర్లు మాత్రమే. ఒక మైక్రోమీటరు మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అయస్కాంతత్వం ఏ దిశలో ఉన్నను ఇనుము ఒకేవిధంగా స్పందిస్తుంది గనుక 50 ఆవర్తనాల విద్యుత్తుకు కోరు సెకనుకు 100 సార్లు స్పందిస్తుంది. కంటికి కానరాని ఈ చలనం పెట్టె రేకుకు, పెట్టెనుంచిన బల్లకు సోకి చెవికి వినవచ్చే ధ్వనిగా పరిణమిస్తుంది. కోరు పలుచని ఇనుప రేకుల దొంతర. రేకుల మధ్య బిగువు సడలితే అవి ఒకదానినొకటి తాకి రొదను మరింత పెంచుతాయి.

దీనికి నివారణలు సులభమైనవే. ట్రాన్స్‌ఫార్మర్‌కు, పెట్టె అడుగు రేకుకు మధ్య రబ్బరు వాషర్లు వేయించాలి. వదులైన బోల్టులను బిగింపించాలి. రేకుల సందులు నిండేటట్లు వార్నిష్‌లో ముంచి ఆరబెట్టించాలి. పెట్టెను బోలుగా ఉన్న చెక్క బీరువాపై గాక దృఢమైన పీఠంపై మందపాటి రబ్బరు పరచి ఉంచాలి. గుండ్రని గారె ఆకారంలో ఉండే టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దాని మధ్యగా పోయే బోల్టు పై కొన, క్రింది కొన రెండూ పెట్టె లోహానికి తగలరాదు. తగిలినచో ఆ బోల్టు, పెట్టె కలిసి ఒక పూర్తి తీగచుట్టుగా మారి, దానిలో అపారమైన విద్యుత్తు ప్రవహించి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

కొన్నిచోట్ల ఈ రొద పగటి వేళ కన్న అర్ధరాత్రి అధికంగా వినిపిస్తుంది. పరిసరాలు నిశ్శబ్దంగా ఉండడం దీనికి ఒక కారణం. మరొక కారణం, వాడకం తగ్గిన వేళ సరఫరా వోల్టేజి పెరగడం. 220 వోల్టులకు నిర్మించిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 250 వోల్టులు అందితే కోరులోని అయస్కాంత అభివాహం దాదాపు 14 శాతం పెరుగుతుంది. కోరు అప్పటికే తన పరిమితికి చేరువగా పనిచేస్తున్నట్లయితే ఆ కొద్దిపాటి పెరుగుదలకే సంతృప్త స్థితికి చేరి బిగ్గరగా రొదచేస్తుంది. అమెరికా నుండి బంధువులు తెచ్చిన 60 హెర్ట్జ్‌ల యంత్రాన్ని, వోల్టేజిని మాత్రం సరిచేసి మన 50 హెర్ట్జ్‌లపై నడిపినా ఇదే జరుగుతుంది. ఆవర్తనాలు తగ్గినందున కోరుపై అభివాహం 20 శాతం పెరుగుతుంది. కావున యంత్రం వెనుక వ్రాసిన వోల్టేజిని, పౌనఃపున్యాన్ని రెండింటిని చదివిన తరువాతనే ప్లగ్గు పెట్టాలి.

మరొక విచిత్ర కారణం పొరుగు యంత్రాల వలన కలుగుతుంది. జుట్టు ఆరబెట్టే కొన్ని యంత్రాలు తక్కువ వేడి స్థానంలో ఒక డయోడు సహాయంతో విద్యుత్తులో ఒక సగాన్ని మాత్రమే వాడుకుంటాయి. తత్ఫలితంగా ఇంటి లైనులో కొద్దిపాటి ఏకముఖ విద్యుత్పీడనం చేరుతుంది. పెద్ద టొరాయిడ్ ప్రైమరీ చుట్టు నిరోధం 2 ఓములు అనుకుందాం. అర వోల్టు ఏకముఖ పీడనం చాలు, దానిలో పావు ఆంపియరు ఒకే దిశలో ప్రవహిస్తుంది. కోరు ఒకవైపు సంతృప్తమై రొద మొదలవుతుంది. రొద కొన్ని నిమిషాలు వచ్చి, తానే తగ్గిపోతూ ఉంటే ఈ కారణాన్ని అనుమానించాలి. దీనిని అడ్డగించే కెపాసిటర్ల అమరికలు ఉన్నాయి. అవి నేరుగా 230 వోల్టుల లైనులో చేరేవి గనుక అర్హుడైన ఇంజనీరు మాత్రమే అమర్చాలి.

సరఫరాలోని అలలు

ట్రాన్స్‌ఫార్మర్ తగ్గించి ఇచ్చిన ఏకాంతర విద్యుత్తును డయోడ్లు ఏకముఖంగా మారుస్తాయి. అయినను అది సమతలంగా ఉండదు. సెకనుకు 100 అలలుగా వస్తుంది. ఈ అలలను సమం చేసేది పెద్ద కెపాసిటర్. మెకానిక్కులు దీనిని కండెన్సరు అంటారు. కుళాయి నీరు ఆగి ఆగి వచ్చే ఇంట తొట్టి చేసే పనినే ఇది చేస్తుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. యాంప్లిఫైయరు 1 ఆంపియరు విద్యుత్తు తీసుకుంటున్నది. రెండు శిఖరాల నడుమ కాలం సెకనులో నూరవ వంతు. ఆ కాలంలో వ్యయమయ్యే విద్యుదావేశం 0.01 కూలుంబు. కెపాసిటర్ 10,000 మైక్రోఫారడులదైతే దాని వోల్టేజి ఆ వ్యవధిలో సుమారు 1 వోల్టు పడిపోతుంది. అదే కెపాసిటర్ ముదిరి 5,000 మైక్రోఫారడులకు క్షీణిస్తే ఆ అల 2 వోల్టులవుతుంది. అలలో కొంత భాగం స్పీకరుకు చేరి రొదగా వినిపిస్తుంది.

ఈ కెపాసిటర్ల లోపల ద్రవరూపమైన ఎలక్ట్రోలైటు ఉంటుంది. వేడికి అది క్రమంగా ఆరిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుర్దాయం సుమారు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. మన ప్రాంతపు వేసవిలో, గాలి చొరబడని బీరువాలో, పైన గుడ్డ కప్పి ఉంచిన యాంప్లిఫైయరు అకాల వార్ధక్యం పొందడంలో ఆశ్చర్యం లేదు. పై ముఖం ఉబ్బిన కెపాసిటర్‌ను అదే విలువ గల, అంతకు తక్కువ కాని వోల్టేజికి తగిన క్రొత్తదానితో మార్పించాలి. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాత కూడ ఇవి విద్యుత్తును నిలువ ఉంచుకుంటాయి. అనుభవం లేని విద్యార్థులు పెట్టె విప్పి చేయి పెట్టరాదు.

దారిలో దూరే రొద

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ, విద్యుత్ తీగల చుట్టూ అయస్కాంత క్షేత్రం వ్యాపించి ఉంటుంది. దాని పరిధిలో ఉన్న ధ్వని తీగలో అదే 50 హెర్ట్జ్‌ల విద్యుత్తు ప్రేరితమవుతుంది. మైకు, రికార్డు ప్లేయరు ముల్లు ఇచ్చే సంకేతం ఎంత స్వల్పమో గమనిస్తే ఈ ప్రమాదం అర్థమవుతుంది. అయస్కాంతపు ముల్లు ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. అంతేగాక 1954 నుండి అనుసరింపబడుతున్న రికార్డింగు ప్రమాణం ప్రకారం యాంప్లిఫైయరు 1,000 హెర్ట్జ్‌ల స్వరాన్ని పెంచినదానికన్న 50 హెర్ట్జ్‌ల స్వరాన్ని దాదాపు 7 రెట్లు అధికంగా పెంచాలి. రొద కూడ 50 హెర్ట్జ్‌లదే గనుక దానికీ అదే గౌరవం లభిస్తుంది! రేడియో శుభ్రంగా వినిపించే యంత్రమే రికార్డు పెట్టినప్పుడు రొద చేయడానికి ఇదే హేతువు.

దీనికి ప్రథమ చికిత్స దూరం. ట్రాన్స్‌ఫార్మర్ నుండి కొంత దూరం దాటిన పిమ్మట, దూరం రెట్టింపు చేస్తే క్షేత్రబలం సుమారు ఎనిమిదవ వంతుకు తగ్గుతుంది. రికార్డు ప్లేయరును యాంప్లిఫైయరుపై పేర్చకుండ ఒక అడుగు ప్రక్కకు జరిపితే చాలసార్లు రొద శాంతిస్తుంది. ధ్వని తీగను కరెంటు తీగతో జంటగా నడపరాదు. దాటవలసి వచ్చినప్పుడు లంబకోణంలో దాటించాలి. రికార్డు ప్లేయరు నుండి వచ్చే సన్నని ప్రత్యేక తీగను యాంప్లిఫైయరు వెనుకనున్న ఎర్తు మరకు తప్పక బిగించాలి.

రెండు ఎర్తుల వలయం

రెండు యంత్రాలు గదిలోని రెండు వేర్వేరు ప్లగ్గులనుండి విద్యుత్తు తీసుకుంటున్నవనుకుందాం. రెండింటికీ ఎర్తు సంబంధం ఉన్నది. వాటి మధ్య ధ్వని తీగ కలిపితే, దాని పై అల్లిక ద్వారా రెండు ఎర్తులు మరొక దారిన కూడ కలుస్తాయి. ఇట్లు ఒక వలయం ఏర్పడుతుంది. రెండు ఎర్తుల మధ్య స్వల్పమైన వోల్టేజి భేదం ఉన్నా ఆ అల్లికలో విద్యుత్తు ప్రవహించి రొద పుడుతుంది. కంప్యూటరును గాని, కేబులు టెలివిజన్ పెట్టెను గాని యాంప్లిఫైయరుకు కలిపిన వెంటనే మొదలయ్యే రొద చాలవరకు ఈ జాతిదే.

ఒకదానికొకటి కలిపిన యంత్రాలన్నింటినీ ఒకే ప్లగ్గుల పట్టీ నుండి నడిపితే వలయం చిన్నదై రొద తగ్గుతుంది. తగ్గకుంటే ధ్వని తీగ మధ్యలో చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఉంచాలి. అది సంకేతాన్ని అయస్కాంత మార్గాన పోనిచ్చి, లోహ సంబంధాన్ని త్రెంచుతుంది. రొదకు కారణమైన ట్రాన్స్‌ఫార్మరే ఇచ్చట ఔషధం కావడం విశేషం. సభామందిరాలలో దూరపు మైకులకు మూడు పిన్నుల సమతుల తీగలు వాడుతారు. వాటిలో సంకేతం రెండు తీగలలో పరస్పర విరుద్ధంగా పోతుంది. దారిలో సోకిన రొద రెండింటిలోను సమంగా ఉంటుంది. యాంప్లిఫైయరు ఆ రెండింటి భేదాన్ని మాత్రమే స్వీకరిస్తుంది. త్రాసు రెండు తట్టలలోను సమానమైన బరువు వేస్తే ముల్లు కదలనట్లే రొద కూడ లెక్కకు రాదు.

ఎర్తు పిన్నును తొలగింపరాదు

ఇచ్చట ఒక తీవ్రమైన హెచ్చరిక అవసరం. ఎర్తు తీగను త్రెంచితే వలయం తెగి రొద ఆగుతుందన్న మాట నిజమే. అందువలననే ప్లగ్గు పెద్ద పిన్నును విరిచివేయడం, ఎర్తు తీగను విప్పివేయడం అనే దురభ్యాసం సభల ఏర్పాట్లలోను, ఇండ్లలోను వ్యాపించినది. ఇది రోగాన్ని వదలి రోగిని చంపే వైద్యం.

ఎర్తు పిన్ను మిగిలిన రెండింటికన్న పొడవుగా ఉండడానికి కారణం, అది అందరికన్న ముందు తగిలి, అందరికన్న చివర విడివడాలని. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టులోని పూత పాడై ఫేజు తీగ పెట్టె లోహాన్ని తాకినప్పుడు, ఎర్తు ఉన్నట్లయితే విద్యుత్తు భూమిలోకి ప్రవహించి ఫ్యూజు పోతుంది. ఎర్తు లేనట్లయితే ఫ్యూజు పోదు, యంత్రం యథాప్రకారం పాడుతూనే ఉంటుంది. కాని పెట్టె లోహానికి 230 వోల్టులు ఎక్కి, ధ్వని తీగ అల్లిక ద్వారా మైకు వరకు ప్రాకుతాయి. అప్పుడు చెప్పులు విడిచి వేదిక ఎక్కి, చెమట పట్టిన చేతితో మైకు పట్టుకునే గాయకునికి గాని, కవికి గాని, బహుమతి పద్యం చదువ వచ్చిన బాలునికి గాని రక్ష ఏది?

తయారీలోనే రెండు పొరల రక్షణతో నిర్మించి, రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చే యంత్రాల సంగతి వేరు. వాటిపై చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది. మూడు పిన్నులతో వచ్చిన యంత్రాన్ని మాత్రం మూడు పిన్నులతోనే వాడాలి. ఇంటి ఎర్తు గుంట ఎండిపోకుండ వేసవిలో నీరు పోయించాలి. ఎర్తు నిరోధాన్ని అప్పుడప్పుడు ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించాలి. 30 మిల్లీఆంపియర్ల లీకేజికే సరఫరాను త్రెంచే రక్షక స్విచ్చిని ఇంట, సభామందిరంలోను అమర్చుకొనడం ఉత్తమం. అయితే అది ఎర్తుకు అదనమే గాని ప్రత్యామ్నాయం కాదు.

ఉపసంహారం

పైన వివరించిన నివారణలలో పెక్కింటికి ఖర్చు స్వల్పం. యంత్రాన్ని అడుగు ప్రక్కకు జరపడం, తీగల దారి మార్చడం, అన్నింటిని ఒకే పట్టీకి కలపడం, రబ్బరు వాషరు వేయడం – ఇవి విద్యార్థి సైతం చేయించగల పనులు. మన కళాశాల వేదికపై మైకులు అమర్చే విద్యార్థి సంఘ సభ్యులు కార్యక్రమానికి ఒక గంట ముందుగా ఈ పరీక్షలు జరిపి, ప్రతి ప్లగ్గుకు మూడవ పిన్ను ఉన్నదో లేదో చూచుకొనాలి. రొద మిగిలితే కారణాన్ని వెదకాలి. కారణం దొరికేలోగా సభ ఆరంభమైతే ఆ రొదను సహించి అయినా సరే, ఎర్తును మాత్రం నిలిపి ఉంచాలి.